పులి వచ్చే చోటు తీసేసి చదవాలా? చిన్నపిల్లలకు జంతువుల సాహస కథలు చెప్పడం గురించి

అమ్మా, మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుని సమాధానంలోకి వస్తాను. మీకు ఐదేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు ఉన్నారు. రడ్యార్డ్ కిప్లింగ్ రాసిన 'ది జంగిల్ బుక్'లోని, తోడేళ్ల గుంపులో పెరిగిన మోగ్లీ కథలను రాత్రి పడుకునే ముందు ఇద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని చదువుతున్నారు. పులి వచ్చే చోట పాప చెవులు మూసుకుంటోంది, బాబు మాత్రం ఆపనివ్వడం లేదు. రాత్రిపూట ఇలాంటి కథలు వద్దని మీ అత్తగారు అంటున్నారు. భయపెట్టే భాగాలనూ చావులనూ తీసేసి చెప్పవచ్చా, ఏ వయసుకు ఏ కథ తగును, తెలుగులో చెప్పాలా ఇంగ్లీషులోనే చదవాలా, ముందుగా సినిమా చూపిస్తే భయం తగ్గుతుందా, ఏ పుస్తకం కొనాలి అన్నవి మీ సందేహాలు.

నా సమాధానం ఇది. భయపెట్టే భాగాన్ని తీసెయ్యకండి. అపాయం మొదలైన చోటికీ గట్టెక్కిన చోటికీ మధ్య ఎంత దూరముందో చూసుకుని, ఆ దూరాన్ని పిల్లల వయసుకు సరిపెట్టండి. ఐదేళ్ల పాపకు అపాయమూ, అందులోంచి బయటపడటమూ ఒకే కూర్చోవడంలో జరిగిపోవాలి. ఎనిమిదేళ్ల బాబుకు ఆ రెండింటి మధ్య ఒక రాత్రి గడిచినా ఫరవాలేదు, నిజానికి ఆ వయసు పిల్లలు అలా గడవాలనే కోరుకుంటారు. ఇద్దరికీ ఒకే కథను ఒకే తీరులో చదవడం వల్లనే మీకు ఈ ఇబ్బంది వచ్చిందని నాకు అనిపిస్తోంది.

నేను శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు విజయనగరంలో ఉంటూ సాయంత్రాలు మా వీధి పిల్లలకు కథలు చదివి వినిపిస్తున్నాను. కింద చెప్పేవన్నీ ఆ పిల్లల దగ్గర చూసి తెలుసుకున్న సంగతులే.

ఐదేళ్ల పిల్లకు "రేపు చదువుతాంలే, వాడికేమీ కాదు" అన్న మాట ధైర్యం ఇవ్వదు. ఆ వయసులో రేపు అన్నది చాలా దూరం. పులి గుహ వాకిట్లో నిలబడి గర్జిస్తున్నప్పుడు మీరు పుస్తకం మూసేస్తే, ఆ పాపకు సంబంధించినంతవరకు పులి తెల్లవార్లూ అక్కడే నిలబడి ఉంటుంది. అదే పులిని తల్లి తోడేలు ఎదిరించి వెనక్కి పంపినదాకా చదివి ఆపితే ఆ పాప నిద్రపోతుంది, మర్నాడు తానే వచ్చి "పులి వచ్చినదాక చదువు" అంటుంది. పిల్లలు భయపడిన చోటునే మళ్లీ మళ్లీ చదవమని అడగడం మీరూ గమనించే ఉంటారు. దాటగలమని తెలిసిన కాలవను పదిసార్లు దాటి చూసుకోవడం లాంటిదది. రెండోసారి విన్నప్పుడు భయం పోదు, కానీ అది తమ అదుపులోకి వస్తుంది, ఆ అదుపులోనే పిల్లలకు ఆనందం ఉంది.

పులిని తీసేస్తే ఏమవుతుంది? తల్లి తోడేలు ఆ పసివాడిని ఎందుకు దగ్గరకు తీసుకుందో, నల్ల చిరుత బగీరా ఒక ఎద్దును వెలగా ఇచ్చి వాడిని గుంపులో ఎందుకు చేర్పించిందో పాపకు అర్థం కాదు. కాపాడినవారి మంచితనం తెలియాలంటే ఎవరి నుంచి కాపాడారో తెలియాలి. అపాయం తీసేసిన కథను పిల్లలు బుద్ధిగా వింటారు గాని, తర్వాత దాని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగరు. ప్రశ్న పుట్టని కథ పిల్లల దగ్గర నిలవదు.

ఇక ఏ కథలు అన్నదానికి వస్తాను. పాపకు పంచతంత్రంలోని మిత్రలాభంతో మొదలుపెట్టండి. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రచురించిన 'నీతి చంద్రిక'లో ఈ కథ ఉన్నది, కానీ ఆ గ్రాంథికాన్ని ఐదేళ్ల పిల్లకు చదవకండి, మీరు చదువుకుని మీ మాటల్లో చెప్పండి. నూకలకు ఆశపడి పావురాలు వలలో పడటం, చిత్రగ్రీవుడు చెప్పినట్టు అన్నీ ఒక్కసారిగా వలతో సహా ఎగిరిపోవడం, ఎలుకల రాజు హిరణ్యకుడు వల కొరకడం, ఇదంతా పది నిమిషాల కథ. అపాయం ఒక్కటే, గట్టెక్కడం కళ్లముందే జరుగుతుంది. ఇందులో ఒక చోట మాత్రం తొందరపడకుండా ఆగండి. ఎలుక ముందుగా తన స్నేహితుడి కట్లు కొరకబోతే, చిత్రగ్రీవుడు వద్దని, తన వెంట వచ్చిన పావురాల కట్లు ముందు కొరకమంటాడు. నేను అక్కడ ఆగినప్పుడల్లా పిల్లల్లో ఎవరో ఒకరు "మరి ఎలుక పళ్లు నొప్పెట్టీస్తే రాజుదెవులు కొరుకుతారు?" అని అడుగుతారు. చిత్రగ్రీవుడు తీసుకున్న సాహసం ఏమిటో అంతకంటే బాగా నేను చెప్పలేను.

కాకి, ఎలుక, తాబేలు, లేడి కలిసి ఒకరినొకరు వేటగాడి నుంచి తప్పించుకునే తరువాయి భాగాన్ని మరో రోజుకు ఉంచండి. లేడి చచ్చినట్టు నీటి ఒడ్డున పడుకోవడం, కాకి దాని మీద వాలి కళ్లు పొడుస్తున్నట్టు నటించడం, వేటగాడు తాబేలును కింద పెట్టి అటు పరుగెత్తడం ఇద్దరు పిల్లలూ ఇంట్లో ఆడుకోదగిన ఘట్టాలు. మీ బాబును వేటగాడిని చెయ్యండి, పాపను లేడిని చెయ్యండి. తానే లేచి పారిపోయే పాత్ర వేసిన పిల్లకు ఆ కథంటే భయం ఉండదు.

పంచతంత్రం అనగానే అన్నీ పసిపిల్లల కథలేనని మనవాళ్లు అనుకుంటారు. ఈ విషయంలో జాగ్రత్త అవసరం. మిత్రభేదంలో దమనకుడనే నక్క మాటలు నమ్మి సింహం తన ప్రాణస్నేహితుడైన ఎద్దును చంపుతుంది, ఆ నక్క మాత్రం మంత్రిగా సుఖంగా ఉంటుంది. కాకులకూ గుడ్లగూబలకూ మధ్య జరిగే కథలో ఒక జాతి మొత్తం గుహలో కాలి చనిపోతుంది. ఇవి రాజకుమారులకు లోకం తెలియడానికి చెప్పిన కథలు. మీ బాబుకు మరో ఏడాది తర్వాత చెప్పవచ్చు, అప్పుడు "దమనకుడికి శిక్ష ఎందుకు పడలేదు?" అని అతడు అడిగితే సమాధానం చెప్పడానికి మీరు సిద్ధంగా ఉండాలి.

జంతువు పరిమాణాన్ని బట్టి భయాన్ని అంచనా వెయ్యకండి. ఇందుకు రెండు ముంగిసల కథలు మంచి ఉదాహరణ. మనందరికీ తెలిసిన పంచతంత్రపు ముంగిస పాము నుంచి ఉయ్యాలలోని పసివాడిని కాపాడుతుంది, దాని మూతికి అంటిన నెత్తురు చూసి ఇంటివారు తొందరపడి దాన్నే చంపేస్తారు. రెండు నిమిషాల కథ. పులి లేదు, అడవి లేదు, అయినా చిన్నపిల్లలకు చెప్పే కథల్లో ఇంత కఠినమైనది మరొకటి లేదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇందులో గట్టెక్కడమన్నది లేనే లేదు. చంపింది ఇంటివారే, తప్పు తెలిసినా ముంగిస తిరిగి రాదు. ఈ కథను పాఠ్యపుస్తకంలో ఉన్నదని ఐదేళ్ల పిల్లలకు చెప్పి, చివర "తొందరపాటు తగదు" అని నీతి వల్లె వేయిస్తాం. పిల్లలు నీతి వల్లె వేస్తూనే ముంగిస కోసం ఏడుస్తారు.

రెండవది, మోగ్లీ కథలున్న 1894 నాటి పుస్తకంలోనే ఉన్న రిక్కీ అనే ముంగిస కథ. వరద నీటిలో కొట్టుకువచ్చిన ముంగిస పిల్లను ఒక ఇంటివారు చేరదీస్తారు. తోటలో నాగుపాముల జంట ఉంటుంది. ముంగిస ఒక చిన్న విషసర్పాన్ని చంపుతుంది, రాత్రి స్నానాల గదిలో మగ నాగుతో పెనుగులాడుతుంది, చివరికి ఆడ నాగు వెంట కన్నంలోకి దూరుతుంది. తోటలోని పక్షి అది చనిపోయిందనుకుని పాట కూడా పాడేస్తుంది, అంతలో ముంగిస మీసాలు నాకుకుంటూ బయటికి వస్తుంది. వినడానికి ఇది ఎంతో భయంకరమైన కథ, అయినా అపాయం వెంట అపాయం వస్తున్నా ప్రతిసారీ వెంటనే గట్టెక్కడం ఉంటుంది కనుక ఆరేళ్ల పిల్లలు కూడా కదలకుండా వింటారు.

అయితే మన ప్రాంతంలో ఈ కథ చెప్పేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నాగులచవితికి నానమ్మతో పుట్ట దగ్గరకు వెళ్లి, పాలు పోసి, చెవులకు పుట్టమన్ను పెట్టించుకుని వచ్చిన పిల్లలు వీరు. ఒకసారి కార్తిక మాసంలోనే నేను ఈ కథ చదువుతుండగా, ముందు వరుసలో కూర్చున్న ఆడపిల్ల లేచి నిలబడి "నాగమ్మని సంపీసినాదా మాస్టారూ? మరి మనం మొన్నే పాలోసినాం కదా?" అని అడిగింది. చుట్టూ ఉన్న పిల్లలందరూ నా ముఖం వైపు చూశారు. నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని, నాగు పగ పట్టడానికి కారణమేమిటని వారినే అడిగాను. కర్బూజ పాదుల్లో దాని గుడ్లున్నాయని ఒక పిల్లవాడు చెప్పాడు. ఇంట్లో పసివాడు ఉన్నాడని మరొకరన్నారు. నాగుకు దాని పిల్లల మీద ప్రేమ, ముంగిసకు తనను చేరదీసిన ఇంటి పిల్లవాడి మీద ప్రేమ, రెండూ ఒకే తోటలో ఇమడలేకపోయాయని వాళ్లంతట వాళ్లే తేల్చుకున్నారు. ఆ ఆడపిల్ల కూర్చుని "అయితే దూరంగా పుట్ట కట్టుకోవలసింది" అంది. నాగు దుష్టురాలు కనుక చచ్చిందని చెప్పి నేను ముగించి ఉంటే, ఆ పిల్ల తన నానమ్మ నమ్మకాన్నో ఈ కథనో ఏదో ఒకదాన్ని వదులుకోవలసి వచ్చేది.

ఇప్పుడు మోగ్లీ సంగతి. దీన్ని ఒకే పెద్ద నవలగా చాలామంది అనుకుంటారు. రడ్యార్డ్ కిప్లింగ్ రాసిన మొదటి పుస్తకంలో ఏడు కథలుంటే వాటిలో మోగ్లీవి మూడే, తక్కినవి 1895లో వచ్చిన రెండవ పుస్తకంలో ఉన్నాయి. ప్రతి కథకూ దాని మొదలూ ముగింపూ దానికే ఉన్నాయి కనుక, మీరు వరుస తప్పించి ఎంచుకోవచ్చు. పాపకు తోడేళ్లు మోగ్లీని చేరదీసే భాగం, కోతులు అతణ్ణి ఎత్తుకుపోతే ఎలుగు, చిరుత, కొండచిలువ కలిసి విడిపించే కథ సరిపోతాయి. ఈ రెండవది కోతులు అల్లరి చేసే కథ కనుక పాపకు నవ్వూ వస్తుంది. పులిని చంపే కథను బాబు కోసం విడిగా ఉంచండి.

ఆ కథలో బాబు దగ్గర మీరు నెమ్మదించవలసిన చోట్లు రెండున్నాయి. మొదటిది గేదెల మంద. పగటిపూట లోయలో పడుకుని ఉన్న పులిని చంపడానికి మోగ్లీ ఊరి మందను రెండుగా చీలుస్తాడు. దున్నలను లోయ పైనుంచి తోలుకొస్తాడు, దూడలున్న గేదెలను కింది దారిలో అడ్డంగా నిలబెట్టిస్తాడు. పులి రెండు మందల మధ్య చిక్కుకుని, దూడలున్న గేదెలకు ఎదురుపోవడం కంటే దున్నలకు ఎదురుపోవడమే మేలని వెనక్కి తిరుగుతుంది. చాలామంది ఈ వాక్యాన్ని చదివి ముందుకు పోతారు. నరసన్నపేట వైపు ఒక బడిలో ఇది చదివినప్పుడు, బడి వేళయ్యాక రోజూ గేదెలను చెరువుకు తోలుకెళ్లే పిల్లవాడు ఒకడు వెనకనుంచి "అవును మాస్టారూ, ఈనిన గేద దగ్గరకెల్తే ఊరుకోదు, దున్నపోతు నయం" అన్నాడు. చదువులో వెనకబడ్డాడని అందరూ అనే పిల్లవాడు ఆ రోజు తరగతికంతటికీ గేదె తల ఎలా దించుతుందో, ముందు కాలితో నేల ఎలా గీస్తుందో చేసి చూపించాడు. విజయనగరంలో పెరుగుతున్న మీ బాబుకు ఇది తెలియకపోవచ్చు. ఈసారి ఊరు వెళ్లినప్పుడు దూడ ఉన్న గేదెను దూరం నుంచి చూపించి, తర్వాత ఈ ఘట్టం చదవండి.

రెండవ చోటు పులి చచ్చిన తర్వాత వస్తుంది. పులిచర్మంతో ఊరికి వచ్చిన మోగ్లీని మాంత్రికుడని ఊరివారు రాళ్లతో కొట్టి తరిమేస్తారు. అంతకు ముందే తోడేళ్ల గుంపు వెళ్లగొట్టింది, ఇప్పుడు మనుషులూ వెళ్లగొట్టారు. పులి కంటే ఇదే పిల్లలను ఎక్కువ బాధిస్తుంది, పైగా కథలో దీనికి పూర్తి పరిహారం దొరకదు. దీన్ని చదివిన రాత్రి బాబును వెంటనే పడుకోబెట్టకుండా కాసేపు పక్కన కూర్చోండి. అతడు మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే మీరూ మాట్లాడవద్దు. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఈ రచయిత తెల్లదొరల పాలనను సమర్థించినవాడు, మన ఊరి జనాన్ని మూఢులుగా చిత్రించిన చోట్లు ఇందులో ఉన్నాయి. పిల్లవాడు పదేళ్లవాడైనప్పుడు ఆ సంగతి అతనితో మాట్లాడదగినదే, ఎనిమిదేళ్లప్పుడు మీకు తెలిసి ఉంటే చాలు.

మా జిల్లాల్లో నాకు ఎదురైన మరో విషయం చెప్పకుండా ఉండలేను. పుస్తకాల్లో ఎలుగు, ఏనుగు పిల్లల స్నేహితులు. కానీ ఉద్దానంలో, మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడితోటల్లో, ఎలుగులు మనుషుల మీద పడి ప్రాణాలు తీసిన సంఘటనలు ఉన్నాయి. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగుల గుంపు కురుపాం, కొమరాడ ప్రాంతాల్లో ఏళ్లుగా తిరుగుతూ పంటలను తొక్కేసింది, మనుషులూ చనిపోయారు. అలాంటి ఊరి పిల్లల దగ్గర కూర్చుని "ఎలుగు ఎంత మంచిదో చూడండి" అని మొదలుపెడితే, ఆ పిల్లలకు కథ మీదా చెప్పేవారి మీదా నమ్మకం పోతుంది. అటువంటి చోట నేను ముందుగా కథ చెప్పను, వారినే చెప్పమంటాను. ఎలుగు ఏ తోటలోకి వచ్చింది, ఎవరు చూశారు, కుక్కలు ఎలా మొరిగాయి, అందరూ ఏం చేశారు అని అడుగుతాను. వారి సాహసం వారు చెప్పుకున్నాక, కథలోని ఎలుగు వేరని నేను చెప్పనక్కరలేకుండానే వారికి తెలుస్తుంది. మీ బంధువులెవరైనా ఆ వైపు ఉండి, సెలవులకు అక్కడి పిల్లలు మీ ఇంటికి వస్తే ఇది గుర్తుంచుకోండి.

చావు గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. జంతువు చనిపోయిన చోట పిల్ల ఏడిస్తే "ఇది కథేలే, నిజం కాదు" అనకండి. నిన్నటిదాకా ఆ జంతువు కోసం సంతోషించినప్పుడు కథేలే అని మనం అనలేదు కదా. చనిపోయిన జంతువును బతికించి కథ మార్చవద్దు, ఎందుకంటే రేపు బడిలో మరొకరి నోట అసలు సంగతి విన్నప్పుడు మీ మాట మీద ఉన్న నమ్మకం సడలుతుంది. అంత కష్టమనిపిస్తే ఆ కథనే వాయిదా వెయ్యండి. ఆ దృష్టితోనే, తన జీవితాన్ని గుర్రమే చెప్పుకునే ఇంగ్లీషు నవల 'బ్లాక్ బ్యూటీ'ని తొమ్మిది పదేళ్లదాకా ఆపండి. 1877లో వచ్చిన ఆ పుస్తకంలో బరువులు లాగి లాగి చనిపోయే తోటి గుర్రం ఘట్టం పెద్దవారినే కలచివేస్తుంది. మంచు దేశంలో బండి లాగే కుక్క కథగా పేరుపొందిన 1903 నాటి 'ది కాల్ ఆఫ్ ది వైల్డ్'లో కుక్కలను దుడ్డుకర్రతో కొట్టి లొంగదీసే భాగాలున్నాయి. అది పన్నెండేళ్లు వచ్చాక చదివితే చాలు.

భాష విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పండి. పిల్లలు ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్నారు కనుక ఇంగ్లీషులోనే చదివితే రెండు పనులూ అవుతాయని చాలామంది తల్లిదండ్రులు నాతో అంటారు. భయం కలిగే చోట పిల్లకు కావలసింది అర్థం, ఆ తర్వాత తల్లి గొంతు. తెలియని మాటకు అర్థం వెతుక్కుంటూ ఉన్న పిల్లకు పులి మాత్రం అర్థమవుతుంది, పులి ఎందుకు వెనక్కి పోయిందో అర్థం కాదు. మీరు మధ్యాహ్నం ఆ రెండు మూడు పేజీలు చదువుకుని ఉంచుకోండి, సాయంత్రం పుస్తకం పక్కన పెట్టి పిల్లల ముఖాలు చూస్తూ చెప్పండి. ముఖం చూస్తూ చెప్పేవారికి ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలుస్తుంది. మీ ఇంటి మాటతీరు ఎలా ఉంటే అలాగే చెప్పండి, "ఏటయిపోనాది" అన్నా తప్పులేదు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి జనం మాట్లాడే భాషలోనే పిల్లలకు చదువు చెప్పాలని జీవితకాలం పోరాడిన జిల్లా మనది. బాబుకు మాత్రం, తెలుగులో కథ పూర్తిగా విన్న తర్వాత అదే కథను ఇంగ్లీషులో తానే చదువుకోమని పుస్తకం చేతికి ఇవ్వండి. కథ తెలిసినవాడికి భాష అడ్డురాదు.

కథ చివర "ఇందులో నీతి ఏమిటి?" అని అడిగే అలవాటును ఇంట్లోనైనా మానుకుందాం. ఆ ప్రశ్న ఎదురవుతుందని తెలిసిన పిల్ల కథ వినడం మానేసి జవాబు వెతుక్కుంటుంది. అడగాలనిపిస్తే నడుమ ఆగి "నువ్వయితే ఇప్పుడేం చేస్తావు?" అని అడగండి.

మీ అత్తగారి మాటలో నిజం ఉంది. కొత్త కథను, అందులోనూ అపాయం ఉన్నదాన్ని, నిద్రకు ముందు మొదలుపెట్టడం మంచిది కాదు. సాయంత్రం, అన్నాలకు ముందు, ఇంట్లో అందరూ తిరుగుతున్న వేళ కొత్త కథ చెప్పండి. పడుకునేటప్పుడు ముందే తెలిసిన కథను మళ్లీ చెప్పండి, ఆ వేళను మీ అత్తగారికే ఇవ్వగలిగితే ఇంకా మంచిది. నక్క, పులి, పేదరాశి పెద్దమ్మ కథలు ఆవిడకు వచ్చే ఉంటాయి, వాటిని రోజూ ఒకే మాటల్లో చెప్పే నేర్పు ఆ తరం వారికి ఉంది. పసిపిల్లకు నిద్ర పట్టించేది ఆ మారని మాటలే.

సినిమాను తర్వాత చూపించండి. తెర మీది పులి పాప ముఖం చూసి ఆగదు, మీరు ఆగగలరు. పైగా 1967 నాటి కార్టూన్ సినిమాలో కొండచిలువ 'కా' మోగ్లీని మింగాలని చూసే శత్రువు. పుస్తకంలో అతడు మోగ్లీని కోతుల నుంచి విడిపించిన మిత్రుడు. సినిమా ముందు చూసిన పిల్లలు పుస్తకంలో కొండచిలువ వచ్చిన ప్రతిసారీ అనవసరంగా బెదిరిపోవడం నేను చూశాను. బొమ్మల విషయంలోనూ ఇదే నియమం పాటించండి. మన శ్రీకాకుళంలోనే పుట్టిన వడ్డాది పాపయ్య చందమామకు వేసిన ముఖచిత్రాల వంటివి ఎంత అందమైనవైనా, కథ విని తమ పులిని తాము ఊహించుకున్నాకే పిల్లలకు చూపించండి.

పిల్లలకు కథలమీద ఆసక్తి కుదిరాక మన జిల్లాలోనే జరిగే సాహసాలను చూపించవచ్చు. శీతాకాలం చివర శ్రీకాకుళం తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి, ఏడెనిమిది వారాల్లో పిల్లలు బయటికి వచ్చి సముద్రం వైపు పాకుతాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఊరి చెట్ల మీద గూడబాతులు ఏటా పిల్లలను పెంచుతాయి, వాటికి ఎవరూ హాని చెయ్యకుండా ఊరివారే చూసుకుంటారు. తాబేలు పిల్ల కథను మీరే కట్టి చెప్పండి, కాకి, కుక్క, పీత అన్నీ అందులో ఉంటాయి. పాప విషయంలో మాత్రం ఆ పిల్ల నీటిని చేరేదాకా ఒకే రోజు చెప్పాలి.

ఇక పుస్తకం కొనడం. కిప్లింగ్ 1936లో మరణించారు, మన చట్టం ప్రకారం రచయిత మరణానంతరం 60 ఏళ్లకు హక్కులు ముగుస్తాయి, అందువల్ల ఈ కథలను ఎవరైనా ఎలాగైనా కుదించి అచ్చువెయ్యవచ్చు. బజారులో దొరికే ప్రతుల్లో కొన్ని సినిమా కథను పుస్తకంగా మార్చినవి, కొన్ని అపాయాలన్నీ తీసేసినవి. అట్ట మీద పేరు చూసి కొనకండి. దుకాణంలోనే తెరిచి రెండు చోట్లు చూడండి: కోతుల కథలో కొండచిలువ మోగ్లీ పక్షాన పోరాడుతోందా, పులి కథలో దున్నలు ఒకవైపు, దూడలున్న గేదెలు మరోవైపు ఉన్నాయా. రెండూ ఉంటే అది అసలు కథకు దగ్గరగా ఉన్న ప్రతి, బాబు కోసం తీసుకోండి. పాపకు ఇప్పుడే వేరే పుస్తకం అక్కరలేదు, మీరు చెప్పేది చాలు.